లుంగీల తీగ దగ్గర ఆగినవాడు

తుపాకీ వెంటపడుతుంటే పరుగెత్తే మనిషి దేనికి ఆగుతాడు? గోడ అడ్డం వస్తే ఆగుతాడు. కాలు మడతపడితే ఆగుతాడు. ఊపిరి అందకపోతే ఆగుతాడు. ఇవేవీ లేకుండా, కాళ్ళు బాగుండి, దారి తెరిచి ఉండి, ఇల్లు కళ్ళ ముందే కనిపిస్తుంటే, మీరైతే దేనికి ఆగుతారు? "నేను దేనికీ ఆగను" అని చాలామంది అంటారు. నేనూ అలాగే అనేదాన్ని. ఇటలీలో జెనోవా అనే పాత రేవుపట్నంలో, ఎవరో ముసలమ్మ ఆరేసుకున్న లంగా కింద నిలబడేదాకా అలాగే అనుకున్నాను.

అక్కడికి నేను వెళ్ళింది నా స్నేహితురాలి కోసం. మా ఇద్దరిదీ బర్మాలో యాంగోన్, అదే పాత రంగూన్, అందులో మింగళ తౌంగ్‌న్యున్ అనే పేట. రైల్వే స్టేషన్ వెనక వీధుల్లో సున్నం రాలిపోయిన పాత మేడ మాది. మూడో అంతస్తులో వాళ్ళు, రెండో అంతస్తులో మేము. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో బస్తాలు మోశారు. తరవాతి తరాలు రేవు వదిలేసి దొరికిన పనుల్లోకి చెదిరిపోయాయి. నేను ఇంటి దగ్గర పిల్లలకి పాఠాలు చెబుతాను. అందుకే వీధిలో అందరూ నన్ను బర్మా పద్ధతిలో "సయామా" అంటారు, అంటే పంతులమ్మ. పాఠాలు లేనప్పుడు మన తెలుగు సభల్లో మూఢనమ్మకాల మీద మాట్లాడతాను, వ్యాసాలు రాస్తాను. మా నాన్న వితంతు వివాహాల గురించి గుడి మెట్ల మీదే వాదన పెట్టుకున్న మనిషి. ఆయన పోయాక ఆ గొంతు నాకు మిగిలింది.

నా స్నేహితురాలికి వాదనల మీద అంత ఇష్టం లేదు. ఆమెకి ఇళ్ళంటే ఇష్టం. మా మేడ గోడలో చింతచెట్టు వేరంత పగులు ఉండేది. చిన్నప్పుడు అందరం అందులో అగ్గిపెట్టెలు దాచుకునేవాళ్ళం. ఆమె మాత్రం అది ఎటు పెరుగుతోందో చూసేది. పాత కట్టడాలను బాగుచేసే చదువు కోసం జెనోవా వెళ్ళింది. తండ్రి లేడు. ఇంట్లో తల్లి, తమ్ముడు. తల్లిని నేను అత్తా అంటాను. తమ్ముడు లమ్మడా పేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేసేవాడు.

ఆమె వెళ్ళిన మరుసటి ఏడాది సైన్యం అధికారం లాక్కుంది.

ఆ రోజుల గురించి చాలామంది రాశారు. నేను రాయాల్సింది మా వీధి గురించి. సాయంత్రం చీకటి పడగానే గిన్నెలు, మూకుళ్ళు, నీళ్ళ బిందెలు వాయించేవాళ్ళం. ఇంట్లోంచి దయ్యాన్ని తరమడానికి బర్మా వాళ్ళు చేసే పని అది. ఆ వాయింపు ఆగగానే ఇంటర్నెట్ ఎప్పుడు పోతుందా అని చూసుకునేవాళ్ళం. అది పోతే మేము లోకానికి లేనట్టే, లోకం మాకు లేనట్టే. జెనోవాలో ఆమె ఆ గంటలన్నీ ఫోను అరచేతిలో పెట్టుకుని కూర్చునేదట.

మరుసటి నెలలో ఊరంతా ఒక ఉపాయం పాకింది. అది అర్థం కావాలంటే ఒక ఆచారం గురించి చెప్పాలి. బర్మాలో ఆడవాళ్ళూ లుంగీలే కట్టుకుంటారు. మగవాడికి పుట్టుకతో ఒక తేజస్సు ఉంటుందని నమ్ముతారు. ఆడది నడుముకి కట్టుకున్న బట్ట అతని తల మీదుగా ఉంటే ఆ తేజస్సు పోతుందట. అందుకని ఆడవాళ్ళ లుంగీలు వెనక వరండాలో, నడుము ఎత్తుకి మించకుండా, మగవాళ్ళ బట్టలకి దూరంగా ఆరేస్తారు. ఉతికే బకెట్టు కూడా వేరు. మన తెలుగువాళ్ళు ఈ దేశానికి వచ్చి దీన్ని నేర్చుకున్నంత వేగంగా ఇంకేదీ నేర్చుకోలేదు. కష్టపడాల్సిన అవసరమే లేకపోయింది. మైల అనే ఇల్లు మనకి ముందే ఉంది. దానికి ఇంకో గది కట్టుకున్నాం, అంతే.

సిపాయిలు కూడా ఇలా పెంచిన తల్లుల కొడుకులే కదా. అందుకని వీధికి అడ్డంగా తీగలు కట్టి, వాటి మీద ఆడవాళ్ళ లుంగీలు ఆరేస్తే వాళ్ళు ఆగిపోతారు. ఇదీ ఉపాయం. మా వీధిలో కట్టాలా వద్దా అని మా మేడ మెట్ల మీద సభ జరిగింది. జెనోవా నుంచి ఆమె కూడా ఫోన్‌లో ఉంది. తమ్ముడు ఆ ఫోను పైకెత్తి పట్టుకున్నాడు.

గుడి పెద్దాయన మొదలుపెట్టాడు. "మనం ఈ దేశంలో పరాయోలం. ఆల్లూ ఆల్లూ తేల్చుకుంతారు. మన ఆడోల బట్టలు నడివీధిలో ఏలాడితే మన పరువేటి కావాల?"

"పరువు పోతే మల్లీ వొస్తాది," అంది అత్త. "పిల్లలు పోతే వొస్తారేటి?"

ఫోన్‌లోంచి కూతురు అరిచింది. "అమ్మా! నీ వంకాయరంగు లుంగీ ఇచ్చీ. అదెలాగూ సిరిగిపోనాది."

"నోరు ముయ్యే. ఆ సిరిగింది పారేసినాను. ఇది అదే రంగు కొత్తది. నువ్వు ఎల్లాక కొనుక్కున్నాను."

"అయితే మరీ మంచిది. కొత్త లుంగీకి శక్తెక్కువ!"

అందరూ నవ్వారు. నేను లేచి నిలబడ్డాను. ఒక మూఢనమ్మకాన్ని కవచంగా వాడుకుంటే దాన్ని మనమే పోషించినట్టవుతుందని, నమ్మే శత్రువుని భయపెట్టడానికి మనమూ నమ్ముతున్నట్టు నటిస్తే ఆ నటన ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదని చెప్పబోయాను.

"సయామా," అంది అత్త, "నీ ఉపన్యాసం రేపు. ముందు నీకాడ బట్టల క్లిప్పులున్నాయేటి?"

ఉన్నాయి. తెచ్చి ఇచ్చాను.

ఉపాయం పనిచేసింది. అది ఒప్పుకోవాలి. మొదటి రెండుసార్లు సిపాయిలు వీధి మొగలో నిలబడిపోయారు. ఒకడు వెదురు గెడతో లుంగీలను ఒక్కొక్కటీ దూరం నుంచే లాగి, కళ్ళు పక్కకి తిప్పుకుని కిందపడేస్తుంటే, ఆలోగా మా పిల్లలు మేడలెక్కి మాయమయ్యారు. వాళ్ళు వెళ్ళిపోయాక మళ్ళీ కట్టాం. వరండాల్లోంచి ఆడవాళ్ళు ఈలలు వేశారు. మా జన్మలో మా లుంగీకి అంత గౌరవం దక్కడం చూడలేదు.

కాని ఇంకోటి కూడా జరిగింది. మేము దాన్ని చూసి నవ్వుకున్నాం. మా వీధి మగవాళ్ళెవరూ ఆ తీగ కింద నుంచి నడవలేదు. టీకొట్టు వీధి మొగలోనే ఉంది. అయినా వాళ్ళు మేడల వెనక మురికి సందులోంచి, ఎలుకల్ని తొక్కుకుంటూ చుట్టూ తిరిగి వెళ్ళేవారు. గుడి పెద్దాయన ఒకరోజు గొడుగు తెరుచుకుని తీగ దాకా వచ్చాడు. గొడుగు అడ్డం ఉంటే దోషం ఉండదేమో అని కాసేపు ఆలోచించి, వెనక్కి తిరిగాడు.

"ఏటి తాతా, వానొస్తందా?" అని పైనుంచి ఎవరో అడిగారు.

"మీ నోల్లు పడిపోనూ," అన్నాడు ఆయన. వీధంతా నవ్వింది. సైన్యానికి ఎదురు నిలిచిన కుర్రాళ్ళు, రాత్రి కాపలా కాసిన కుర్రాళ్ళు, వాళ్ళు కూడా ఆ మురికి సందు పట్టే వెళ్ళారు. దాన్ని నేను చూశాను. చూసి, దాని మీద ఒక చమత్కారం కూడా అన్నాను. అంతకు మించి దానిలో ఏముందో నాకు తట్టలేదు.

ఒక మధ్యాహ్నం వీధి మొగ వైపు నుంచి కాల్పులు వినిపించాయి. నేను రెండో అంతస్తు వరండాలో ఉన్నాను. అత్త కింద మెట్ల గుమ్మంలో నిలబడి ఉంది. కొడుకు పని నుంచి వచ్చే వేళ అది. కుర్రాళ్ళు పరుగెత్తుకొచ్చారు. చాలామంది తీగకి ముందే పక్క సందులోకి తిరిగిపోయారు. అత్త కొడుకు ఒక్కడే నేరుగా ఇంటివైపు వచ్చాడు. గుమ్మంలో తల్లి కనిపిస్తోంది. మధ్యలో తీగ. వెనక ఒకే ఒక్క సిపాయి, ఇంకా దూరంగా.

అతను తీగ దగ్గర ఆగాడు.

ఎంతసేపో కాదు. తల ఎత్తి చూశాడు. సరిగ్గా అతని తల మీద వంకాయరంగు లుంగీ. వెంటనే కుడివైపు తిరిగాడు. అక్కడ తీగ కట్టిన దీపస్తంభానికీ గోడకీ మధ్య ఇసుక మూటలు పేర్చి ఉన్నాయి. వాటి మీదుగా ఎక్కి, తీగ కింద దూరకుండా, చుట్టి రావాలని. మూట మీద కాలు పెట్టాడు. జారింది. మళ్ళీ పెట్టాడు. సిపాయి చేయి అతని చొక్కా కాలర్ మీద పడింది.

ఆ సిపాయి కూడా తీగ దాటలేదు. దాటాల్సిన అవసరం అతనికి రాలేదు. తరిమినవాడినీ పారిపోయినవాడినీ ఒకే నమ్మకం పెంచింది. కాకపోతే తుపాకీ ఉన్నవాడికి ఆ నమ్మకం ఖరీదు కాలేదు.

అతన్ని తీసుకుపోయారు. విచారణ జైలు లోపలే జరిగింది. ఏళ్ళ తరబడి శిక్ష వేశారు.

ఆ తరవాత అత్త మాట్లాడటం తగ్గించింది. బర్మా జ్యోతిష్కుడి దగ్గరికి వెళ్ళింది. అమ్మవారి గుడిలో పూనకం వచ్చే గణాచారి దగ్గరికి వెళ్ళింది. ఆడ బట్ట వీధి నెత్తిన కట్టించిన పాపం కొడుక్కి తగిలిందని, కట్టమని చెప్పిన పిల్ల వచ్చి ఈ ఏటి పండగలో అమ్మవారి ఘటం ఎత్తితే తమ్ముడు బయటికి వస్తాడని గణాచారి చెప్పాడట. ఫోను కలిసినప్పుడల్లా అత్త కూతురికి అదే చెప్పింది. "నువ్వే కదే కట్టమన్నావు. నువ్వే వొచ్చి ఎత్తు." ఇంకో మాట లేదు. బాగున్నావా అని లేదు, తిన్నావా అని లేదు.

జెనోవాలో ఆమె ప్రయాణానికి టికెట్ తీసేసుకుంది. ఆమె రావడమంటే ఏమిటో మా వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు. సైన్యానికి వ్యతిరేకంగా, తమ్ముడి ఫొటో పట్టుకుని అక్కడి చౌకులో ఎన్నో వారాలు నిలబడింది. ఆ బొమ్మలు ఇంటర్నెట్‌లో అన్ని చోట్లకీ పాకాయి. యాంగోన్ విమానాశ్రయంలో దిగిన మనిషి నేరుగా తమ్ముడున్న చోటికే వెళుతుంది. ఘటం దాకా రాదు.

విమానాలు మళ్ళీ తిరగడం మొదలయ్యాక, అత్త మా ఇంటికి దిగి వచ్చింది. "నువ్వెల్లి దాన్ని తీసుకురా, సయామా. ఒక్కర్తీ వొస్తే బయపడతాది. నీ మాట ఇంటాది."

వెళ్తానన్నాను. తీసుకొస్తానని అనలేదు. దారిఖర్చులు బ్యాంకాక్‌లో ఉన్న మా అన్నయ్య పెట్టుకున్నాడు.

జెనోవా కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు. స్టేషన్‌లో దిగగానే రేవు క్రేన్లు కనిపించాయి. మా ముత్తాత చూసి ఉంటే భాష రాకపోయినా పనిలోకి దిగిపోయేవాడు. పాత ఊరంతా సందులు. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. మేడలు అంత ఎత్తున ఉంటే ఆకాశం పైన ఒక నాడాలా ఉంది. ఎక్కడో శనగపిండి రొట్టె కాలుతున్న వాసన. స్నేహితురాలు నా పెట్టె లాక్కుని ముందు నడుస్తూ, ఏ గుమ్మం రాయి ఏ కొండది, ఏ కప్పు పలకరాయిది, చెబుతూనే ఉంది. మనిషి సగం అయింది. కళ్ళు మాత్రం పగుళ్ళ వెంట అలాగే పరుగెత్తుతున్నాయి.

ఒక మలుపులో ఆమె ముందుకి వెళ్ళిపోయింది. నేను ఆగాను. తల పైన, ఈ కిటికీకీ ఆ కిటికీకీ మధ్య కప్పీల మీద తీగ. దాని మీద దుప్పట్లు, ఒక ముసలమ్మ లంగా, ఇంకా చెప్పనక్కర్లేనివి. నేను ఆడదాన్ని. మగతేజస్సు నాకు లేదు, పోవడానికి. అలాంటిది ఉండదని నేనే ఎన్నో సభల్లో చెప్పాను. అయినా నా మెడ వంగింది. పాదం గోడవారకి జరిగింది. లంగా నీడ పడని చోటు వెతుక్కుంటోంది. మా వీధి మగవాళ్ళు తిరిగిన మురికి సందు నా కాళ్ళలోనూ ఉంది.

అప్పుడే ఎదురుగా ఒక పాద్రీ వచ్చాడు. నల్లని నిలువుటంగీ, చేతిలో నూనె కారుతున్న రొట్టె పొట్లం. సరిగ్గా ఆ లంగా కింద ఆగి, రొట్టె కొరికి, పైనుంచి ఒక నీటిచుక్క నెత్తిన పడితే తుడుచుకుని, కిటికీవైపు చూసి ఏదో అన్నాడు. పైనుంచి ముసలమ్మ అంతకు రెట్టింపు అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన వెళ్ళిపోయాడు. తేజస్సు తగ్గిన జాడ నాకేమీ కనిపించలేదు.

"ఏటన్నాడు?" అని అడిగాను.

"ఈ వారం దీవెన నీల్లు నేను సల్లాల, నువ్వెందుకు సల్లుతున్నావు అన్నాడు." స్నేహితురాలు వెనక్కి వచ్చి నిలబడి ఉంది. నన్ను పాదాల నుంచి తల దాకా చూసింది. "అమలే!" అంది, బర్మా వాళ్ళు అమ్మో అన్నట్టు. "సయామా గోడకి అతుక్కుపోనాది. మన తాతకి గొడుగు, నీకు గోడ."

నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. పెట్టె ఎత్తుకుని మెట్లెక్కింది.

ఆమె గది అన్నిటికంటే పై అంతస్తులో. సాయంత్రం ఇంకా వెలుగుంది. ఆమె చింతపండు పులుసు పెట్టింది. యాంగోన్‌లో వేసే ఉప్పుచేపల ముద్ద దొరకదు. దాని బదులు ఇక్కడి ఉప్పులో ఊరిన చిన్నచేపలు నూరి వేసింది. "రుచి అదే కదేటి?" అంది. అదే అన్నాను. కొంచెం అదే.

గిన్నె కడుగుతూ, నా వైపు తిరగకుండా అడిగింది. "నువ్వు వరండాలో ఉన్నావు. సూసినావు. ఆడు పరిగెత్తలేక దొరికినాడా? తీగ దగ్గర ఆగినాడా?"

దీని కోసమే నేను దారంతా సిద్ధపడ్డాను. కాలు జారింది అని చెప్పొచ్చు. అది అబద్ధం కూడా కాదు. ఇసుక మూట మీద కాలు నిజంగానే జారింది. ఆ సగం నిజం ఆమెను తేలిక పరుస్తుంది. బహుశా టికెట్ కూడా రద్దు చేయిస్తుంది. కాని సగం నిజంతో ఆగిన మనిషి మర్నాడు అమ్మ ఫోనుతో మళ్ళీ బయలుదేరుతుంది. పైగా, మనసుకి నొప్పి అని నిజం దాచడం మొదలుపెడితే గణాచారికీ నాకూ తేడా ఏమిటి?

"ఆగాడు," అన్నాను. "తల ఎత్తి చూశాడు. మీ అమ్మ లుంగీ. చుట్టి రావాలని మూటలవైపు తిరిగాడు. అక్కడ దొరికాడు."

ఆమె కుళాయి కట్టలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"అయితే అమ్మ అన్నది నిజమే," అంది. "నేనే."

"నువ్వు కట్టమన్నావు. దాని కింద దూరకూడదని వాడికి నువ్వు చెప్పావా?"

"నేను సెప్పనేదు."

"ఎవరు చెప్పారు?"

"అమ్మ. సిన్నప్పట్నుంచీ. వెనక వరండాలోకి ఎల్తే సెవి మెలేసేది."

"ఇంకా?"

"నువ్వు అడుగుతుంటే కోర్టులో ఉన్నట్టుంది. ఊరుకోవే." గట్టిగా అంది. ఆ వెంటనే, "మీ అమ్మ కూడా. వీది వీదంతా. నేను కూడా. ఆడు ఓసారి నా లుంగీ తొక్కితే గుడికి పోయి దణ్ణం పెట్టించినాను." కుళాయి కట్టింది. తలుపు తెరుచుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఎంతసేపటికో రొట్టె పట్టుకుని వచ్చింది. బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"ఒకటి అడుగుతాను. నిజంగా సెప్పు. నాకు ఉపన్యాసం వొద్దు. ఆ బట్టలో ఏమీ నేదని నీకు తెలుసు. నాకు తెలుసు. ఆడికి కూడా తెలుసేమో. ఫోన్లు ఇప్పి కట్టే గుంటడు ఆడు. మరెందుకు ఆగినాడు?"

"నేను ఇవాళ ఎందుకు ఆగాను?"

ఆమె రొట్టె విరిచి సగం నావైపు తోసింది. నేను జీవితంలో ఇచ్చిన ఉపన్యాసాలన్నీ బుర్రకి ఇచ్చినవే. బుర్ర ఒప్పుకుంటే పని అయిపోయిందనుకున్నాను. మెడకి ఎవరూ చెప్పలేదు. మెడ ఒక్క మాటతో నేర్చుకోలేదు, ఒక్క మాటతో మరచిపోదు. రోజూ బట్టలు ఆరేసినప్పుడల్లా, రోజూ చెవి మెలేసినప్పుడల్లా అది నేర్చుకుంది. అలాగే రోజూ మరిపించాలి. ఈ సంగతి ఆమెకి చెప్పాను. ఉపన్యాసం కాకుండా చెప్పడానికి ప్రయత్నించాను.

"ఇంకోటి చూడు," అన్నాను. "ఆ సిపాయి కూడా తీగ కింద నడవలేదు. దైవానికి కోపం బట్ట మీదైతే, కట్టినవాళ్ళకి శిక్ష, దూరనివాడికి మెప్పు అయితే, మీ తమ్ముడు కూడా దూరలేదు కదా? మరి అతన్ని ఎందుకు పట్టించింది? గణాచారిని ఈ ఒక్క ప్రశ్న అడిగి రా. అప్పుడు ఘటం ఎత్తు."

"అడిగితే పూనకం ఎక్కువవుద్ది ఆయనకి," అంది. నేను వచ్చాక మొదటిసారి నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపులోకి వెళ్ళింది. నేను పట్టుకున్నాను.

పొద్దున్నే లేచి ఆమె తన లుంగీలు ఉతికింది. యాంగోన్ నుంచి తెచ్చుకున్నవి. ఇన్నాళ్ళూ గదిలోనే కుర్చీ మీద ఆరేసుకునేదట. జెనోవాలో కూడా. కిటికీ తెరిచి, ఎదురింటి ముసలమ్మని కేకేసి, కప్పీ తాడు లాగి ఒక్కొక్కటీ సందు మీదికి పంపింది. కింద జనం పోతూనే ఉన్నారు. ముసలమ్మ రంగులు బాగున్నాయందట. నీళ్ళు సరిగా పిండలేదని తిట్టిందట.

"నేను ఎల్లను," అంది, కిటికీ దగ్గర నుంచే. "ఎల్తే ఆడికి ఒక్కరోజు కూడా తగ్గదు. అమ్మకి ఇద్దరు జైల్లో ఉంతారు. నేను ఇక్కడ ఉంటే ఆడి ఫొటో పట్టుకుని ఒకరైనా నిలబడతారు." తరవాత నావైపు తిరిగింది. "కానీ అమ్మకి నువ్వే సెప్పాల. నాకు సెప్పినట్టే. కాలు జారిందని సెప్పకు."

తిరిగి వచ్చిన రోజు అత్త మూడో అంతస్తు గుమ్మంలోనే నిలబడి ఉంది. నా వెనక మెట్లవైపు చూసింది.

"రానేదా?"

"రాలేదు."

"నువ్వు వొద్దన్నావా?"

"నేను చూసింది చెప్పాను. తనే వద్దనుకుంది."

లోపలికి వెళ్ళి కూర్చున్నాం. అత్తకి ఏదీ దాచకుండా చెప్పాను. తీగ, తల ఎత్తడం, మూటలు, కాలర్. చెబుతూ ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. బట్టలో ఏ శక్తీ లేదని, అతన్ని ఆపింది దేవత కాదని, మనందరం కలిసి చిన్నప్పట్నుంచీ నేర్పిన భయమని అన్నాను. ఆమె కోప్పడుతుందని, లేచి పొమ్మంటుందని అనుకున్నాను.

"నాకు తెలుసే," అంది అత్త. "నువ్వు మేడ మీంచి సూసినావు. నేను ఎదురుగా సూసినాను. ఆడు ఆగినప్పుడు నేనేటి అనుకున్నానో తెలుసా నీకు?"

తల ఊపాను, తెలియదని.

"అంత పరుగులో కూడా అమ్మ బట్ట కింద దూరనేదు, నా బిడ్డ, అనుకున్నాను. గర్వంగా. ఒక్క రెప్పపాటు. రా నాన్నా, దూరీ, అని అరవాల్సిన నోరు ఆ ఒక్క రెప్పపాటూ మూసుకునుండిపోనాది. అప్పటికి ఆడు మూటమీద కాలు పెట్టేసినాడు." ఆమె ఏడవలేదు. "ఆ మాట ఎవరికీ సెప్పలేకపోనాను. పిల్ల నెత్తిన పెట్టేసినాను. గణాచారి ఏటంటే అది."

ఎన్నో ఏళ్ళుగా జనానికి నిజం చెప్పమని అరిచినదాన్ని. ఆ నిజమే ఇప్పుడు నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. కాసేపటికి ఆమె తనే చెయ్యి వదిలించుకుని ఫోను తీసింది. నెట్ ఉంది. కూతురు ఎత్తగానే అత్త అన్న మొదటి మాట, "తిన్నావా?"

మర్నాటి నుంచి అత్త లుంగీ ముందు వరండాలో, పై వెదురు మీద ఆరుతోంది. గుడి పెద్దాయన అది చూసి వీధి అటు పక్కకి మారి నడుస్తాడు. అత్త పట్టించుకోదు. నాతో ఒక్కటే అంది. "ఆడు బయటికొచ్చిన రోజు ముందు ఆడి సేతికి తడిబట్టల బకెట్టు ఇస్తాను. నా లుంగీలు ఆడే ఆరెయ్యాల. ఆడి నెత్తి మీంచే. ఆడు నవ్వుకుంటా ఆ కిందనుంచి నడిచిందాకా రోజూ ఆరేయిస్తాను."

అతను ఇంకా రాలేదు. అత్త ఎదురుచూడక తప్పదు.

మీకు ఆ అవసరం లేదు. ఇది చదువుతున్న మీ ఇంట్లో, అది యాంగోన్ కానీ విశాఖపట్నం కానీ, ఆడవాళ్ళ లోబట్టలు తువ్వాలు చాటున, తలుపు వెనక, గాలి తగలని మూల ఆరుతున్నాయని నాకు తెలుసు. మీ అబ్బాయి వాటిని చూసి చూపు తిప్పుకోవడం నేర్చుకున్నాడనీ తెలుసు. అది మర్యాద అనుకుని మీరు లోపల ఎక్కడో గర్వపడ్డారనీ తెలుసు. ఆ గర్వం వదలండి. మీ అబ్బాయి జైల్లో లేడు, పక్కగదిలో ఉన్నాడు. ఇప్పుడే పిలవండి. అమ్మవీ, అక్కవీ, చెల్లివీ తడిబట్టలున్న బకెట్టు అతని చేతికివ్వండి. ఎండ తగిలే చోట, అందరికీ కనిపించే చోట, అతని తలకంటే ఎత్తున అతని చేతనే ఆరేయించండి. ఆ కింద నుంచి నడిపించండి. రేపు కూడా నడిపించండి. వాడి మెడ వంగడం మానేసేదాకా ఆపకండి.